ఇంట్లో వీడియో ఆగిపోతుంటే ఏం చేయాలి, 3వ పాఠం: రూటర్ నుంచి టీవీ దాకా

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చా గుర్తుందా, రూటర్ పక్కన నిలబడి ఒకసారి, టీవీ ముందు నిలబడి ఒకసారి, అదీ మధ్యాహ్నం ఒకసారి రాత్రి తొమ్మిదింటికి ఒకసారి, ఒకే ఫోన్‌తో స్పీడ్ టెస్ట్ చేసి నాలుగు అంకెలు కాగితం మీద రాయమని. రాయనివాళ్లు ముందు అది చేసి రండి, ఎందుకంటే ఈ పాఠం మొత్తం ఆ నాలుగు అంకెల మీదే నడుస్తది.

వనస్థలిపురంలో మా పిన్ని వాళ్లింట్లో నేను రాసుకున్న అంకెలు చెప్తా. ప్లాన్ 100 ఎంబీపీఎస్. రూటర్ పక్కన మధ్యాహ్నం 94, రాత్రి 88. బెడ్రూంలో టీవీ ముందు మధ్యాహ్నం 9, రాత్రి 3. పిన్ని నాకు ఫోన్ చేసింది అసలు వేరే ప్రశ్న అడగడానికి, "నెట్ వాళ్లు 200 ప్లాన్ తీసుకోమంటున్నార్రా, తీసుకోమంటావా" అని. ఆ కాగితం చూపించి వద్దు పిన్నీ అన్నా. రాత్రి కూడా 88 గుమ్మం దాటి హాల్లోకి వచ్చేసింది, హాలు నుంచి బెడ్రూంకి పోయేసరికి 3 అయింది, అంటే మిగతాదంతా పోయింది మన ఇంట్లోనే. 200 తెచ్చుకున్నా అది ఆ హాలు దాటి అదే దారిలోనే పోవాలి కదా. నెలనెలా ఎక్కువ బిల్లు కట్టి, వీడియో ఆగినప్పుడు తెర మీద తిరిగే అదే సుడి చూస్తూ కూర్చునే ఇళ్లు నేను చాలా చూశా, అందుకే ఇంతగా చెప్తున్నా, ప్లాన్ మార్చేది అన్నిటికంటే చివర.

ముందు ఆ సుడి ఎందుకు తిరుగుతదో చూద్దాం. వీడియో మనకి ఒక్క ముక్కగా రాదు, కొన్ని సెకన్ల చిన్న చిన్న ముక్కలుగా వస్తది, ప్లేయర్ ఆ ముక్కల్ని కొంచెం ముందే తెచ్చి దాచి పెట్టుకుంటది, దాన్నే బఫర్ అంటారు. మన మిద్దె మీద ట్యాంకు లాంటిదే. కింద మోటర్ ఆగి ఆగి ఎక్కించినా సరే, ట్యాంకులో నీళ్లు ఉన్నంతసేపు కుళాయి ఆగదు. ట్యాంకు ఖాళీ అయిన క్షణం మాత్రం కుళాయి ఆగిపోతది, తెర మీద సుడి వస్తది. ఇంకోటి కూడా చేస్తది ప్లేయర్, నీళ్లు తగ్గుతున్నాయి అనిపిస్తే తర్వాతి ముక్కని తక్కువ క్వాలిటీలో అడుగుతది, అందుకే బొమ్మ ఒక్కసారి మసకబారి ఒక నిమిషానికి మళ్లీ తేటగా అవుతది. చాలామంది దాన్ని చూసి టీవీ ప్యానెల్ పోయిందనుకుంటారు, అది టీవీ జబ్బు కాదు, ట్యాంకు ఖాళీ అవ్వకుండా ప్లేయర్ పడే తిప్పలు.

లైవ్ క్రికెట్ దగ్గర మాత్రం ఈ ట్యాంకు బాగా చిన్నది. సినిమా అయితే ముందు ముక్కలన్నీ సర్వర్లో రెడీగా ఉంటాయి, ఒక నిమిషం సరిపడా ముందే తెచ్చుకోవచ్చు, మ్యాచ్‌లో ఇంకా వేయని బాల్‌ని ముందు తెచ్చుకోలేం కదా. యాప్ కొన్ని సెకన్లు వెనక నడుస్తూ ఆ కాస్త టైంలోనే దాచుకుంటది, పక్కింట్లో డిష్ కనెక్షన్ ఉన్నవాళ్లు అరిచేశాక మన టీవీలో వికెట్ పడేది అందుకే. కాబట్టి సినిమా బాగా వచ్చి మ్యాచ్ మాత్రం ఆగుతుంటే మీ వైఫై బొటాబొటీగా ఉందని అనుమానించొచ్చు, యాప్‌ని తిట్టే ముందు ఇది చూడండి.

ఎంత కావాలి అంటే, నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క హెచ్‌డీ అంటే 720పీకి 3 ఎంబీపీఎస్, ఫుల్ హెచ్‌డీ అంటే 1080పీకి 5, అన్నిటికంటే తేటగా ఉండే 4కేకి 15. యూట్యూబ్ 4కేకి 20 అంటది. ఇది ఒక్క తెరకి. పిన్ని వాళ్లింట్లో రాత్రి తొమ్మిదింటికి బాబాయ్ టీవీ, చెల్లెలు ట్యాబ్‌లో ఈఏపీసెట్ క్లాసులు, పిన్ని ఫోన్‌లో సీరియల్, మూడూ కలిపినా 15కి అటూ ఇటూ. 100 ప్లాన్ చాలా ఎక్కువే. ఇక్కడ ఒకటి పొరపాటు పడకండి, ఎంబీపీఎస్ అంటే మెగాబిట్లు, మెగాబైట్లు కాదు, 8 బిట్లు ఒక బైట్, అందుకే 100 ప్లాన్‌లో డౌన్‌లోడ్ పెడితే సెకనుకి 12.5 ఎంబీ మించి రాదు. మోసం చేశారని గొడవ పడేవాళ్లున్నారు, అది మోసం కాదు.

ఇప్పుడు అసలు విషయం, వైఫై.

మీ రూటర్‌లో బహుశా రెండు రేడియోలుంటాయి, 2.4 గిగాహెర్ట్జ్ ఒకటి, 5 గిగాహెర్ట్జ్ ఒకటి. 2.4 గోడలు దాటి దూరం పోతది కానీ ఇరుకు, అందులో ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగల చానెళ్లు మూడే, 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో ఫోన్ తీసి చూస్తే ఇరవై వైఫై పేర్లు కనిపిస్తాయి, ఆ ఇరవై కూడా ఆ మూడు చానెళ్లలోనే సర్దుకోవాలి, పైగా బ్లూటూత్ కూడా ఆ చుట్టుపక్కలే, మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.45 దగ్గరే పని చేస్తది కాబట్టి వంటింట్లో అన్నం వేడి చేసేటప్పుడు హాల్లో వీడియో ఆగడం మీ భ్రమ కాదు. మధ్యాహ్నం 9 ఉన్నది రాత్రి 3 అయిందంటే కారణం ఇదే, రాత్రి పక్క ఫ్లాట్ల వాళ్లందరూ ఇంటికొచ్చి టీవీలు పెడతారు. రూటర్ పక్కన మాత్రం 94 కాస్తా 88 అయింది అంతే, చూశారా తేడా, అందుకే నాలుగు అంకెలు అడిగింది.

5 గిగాహెర్ట్జ్‌లో చానెళ్లు చాలా, స్పీడ్ కూడా ఎక్కువ, కానీ గోడ అంటే దానికి పడదు. రెండు ఇటుక గోడలు దాటేసరికి నీరసపడిపోతది, స్లాబు పిల్లర్ అడ్డమొస్తే ఇంకా కష్టం, ఇనుప బీరువా అడ్డమొస్తే దాదాపు అక్కడితో ఆఖరు, లోహం రేడియోని వెనక్కి కొట్టేస్తది. నిలువుటద్దం వెనక పూత కూడా అంతే. నీళ్లు కూడా పీల్చుకుంటాయి, చేపల తొట్టి వెనక రూటర్ పెట్టిన ఇల్లు కూడా చూశా ఒకటి మోతీనగర్‌లో.

పిన్ని వాళ్లింట్లో రూటర్ ఎక్కడుందంటే గుమ్మం పక్కన చెప్పుల స్టాండ్ మీద, ఎందుకక్కడ అంటే కనెక్షన్ ఇచ్చిన అబ్బాయి వైరు కిటికీలోంచి లోపలికి లాగి ఎక్కడిదాకా అందితే అక్కడ పెట్టేసి వెళ్లాడు. అక్కడి నుంచి బెడ్రూం టీవీకి గీత గీస్తే మధ్యలో ఒక గోడ, ఆ గోడకి అటువైపు ఆనించి పిన్ని పెళ్లినాటి గోద్రెజ్ బీరువా. నేను మొదట చేసిన పని తప్పు, అది కూడా చెప్పాలి మీరు చేయకుండా. ఒక రిపీటర్, అంటే రూటర్ వైఫైని అందుకుని మళ్లీ ముందుకి పంపే చిన్న డబ్బా, కొనుక్కెళ్లి బెడ్రూంలో టీవీ పక్కనే పెట్టా. టీవీలో సిగ్నల్ గీతలు ఫుల్, స్పీడ్ మాత్రం 4. ఆలోచిస్తే తెలిసిపోతది, రిపీటర్ తనకి అందిందే కదా ముందుకి పంపేది, దానికే బలహీనంగా అందే చోట పెడితే బలహీనమైనదాన్నే గట్టిగా అరిచి చెప్తది. పైగా ఒకే రేడియోతో వినడం, చెప్పడం రెండూ చేసే రిపీటర్‌లో స్పీడ్ సగానికి పడిపోతది. పెట్టాలంటే సగం దారిలో పెట్టాలి, సిగ్నల్ ఇంకా బాగున్న చోట. గీతలు చూసి ఎప్పుడూ నమ్మకండి, అవి సిగ్నల్ ఎంత గట్టిగా ఉందో చెప్తాయి గానీ ఎంత డేటా వస్తుందో చెప్పవు.

తర్వాత రిపీటర్ తీసేసి ఒక్కొక్కటిగా మార్చా. ఒక్కొక్కటిగా అన్న మాట గట్టిగా పట్టుకోండి, మూడు ఒకేసారి మారిస్తే బాగైనా దేనివల్ల బాగైందో తెలీదు, మళ్లీ చెడినప్పుడు మొదటికొస్తాం. ఒకటి మార్చడం, టీవీ ముందు మూడుసార్లు కొలవడం, రాయడం.

మొదట రూటర్‌ని చెప్పుల స్టాండ్ మీద నుంచి తీసి, ఉన్న వైరుకే అందేంత దూరంలో హాల్లో గోడకి ఛాతీ ఎత్తున మేకు కొట్టి తగిలించా. 9 కాస్తా 17 అయింది, రూపాయి ఖర్చు లేదు. తర్వాత రూటర్ సెట్టింగ్స్‌లోకి పోయా, ఫోన్ బ్రౌజర్లో 192.168.1.1 అని కొడితే చాలా రూటర్లలో పేజీ తెరుచుకుంటది, కొన్నిట్లో 192.168.0.1, పాస్‌వర్డ్ రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటది. అక్కడ 2.4కి, 5కి ఒకే పేరు పెట్టి ఉంది, అలా ఉంటే టీవీ తనకి నచ్చింది పట్టుకుంటది, చాలా టీవీలు 2.4నే పట్టుకుని వదలవు. పేర్లు వేరు చేసి టీవీని 5 పేరుకే కలిపి, పాత పేరుని టీవీలో మర్చిపో అని కొట్టేశా. 31. ఆ తర్వాత బీరువాని ఇద్దరం కలిసి పక్క గోడకి జరిపాం, పిన్ని ఒప్పుకోవడానికి అరగంట పట్టింది, జరిపాక 52. రాత్రి తొమ్మిదింటికి మళ్లీ కొలిస్తే 46.

మీ ఇంట్లో బీరువా జరపలేకపోవచ్చు, గది మరీ దూరం ఉండొచ్చు, అప్పుడు నా సలహా ఒక్కటే, రూటర్ నుంచి నేరుగా టీవీకి ల్యాన్ వైరు, అంటే నెట్ మోసే వైరు, లాగండి. క్యాట్ 5ఈ అనే రకం వైరు చాలు, 100 మీటర్ల దాకా 1 జీబీపీఎస్, అంటే 1000 ఎంబీపీఎస్ మోస్తది, గోడ అంచున క్లిప్పులు కొట్టి తలుపు పైనుంచి తీసుకుపోతే కనపడదు కూడా. టీవీ కదలదు కదా, కదలని వస్తువుకి గాలిలో నెట్ ఎందుకు, ఫోన్లకి వదిలేయండి వైఫై. వైరు పెట్టాక చాలా టీవీల్లో స్పీడ్ టెస్ట్ 95 దగ్గర ఆగిపోతది, కంగారు పడకండి, ఆ టీవీల్లో ల్యాన్ పోర్టే 100 ఎంబీపీఎస్‌ది, 4కేకి అది చాలా ఎక్కువే. రూటర్‌నే హాలు మధ్యకి మార్చాలంటే నెట్ అబ్బాయిని పొడుగు ఫైబర్ వైరు అడగండి, మీరు మాత్రం లాగొద్దు, లోపల గాజు పోగు ఉంటది, గట్టిగా మడిస్తే వెలుతురు కారిపోతది, ఊడిన కొస వైపు కంటితో చూడొద్దు అసలు, ఆ లేజర్ కంటికి కనపడదు కానీ కన్నుకి మంచిది కాదు.

5 గిగాహెర్ట్జ్ లేని పాత టీవీ అయితే 2.4లోనే బతకాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై అనలైజర్ లాంటి యాప్ వేసుకుంటే 1, 6, 11లో ఏది తక్కువ రద్దీగా ఉందో కనిపిస్తది, రూటర్‌లో ఆటో తీసేసి అది పెట్టండి, చానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. 3, 4, 8 లాంటివి ఖాళీగా కనిపించినా తీసుకోవద్దు, రెండు వైపుల వాళ్ల గోలా మీ మీదే పడతది.

ఇక రూటర్ పక్కనే అంకె తక్కువుంటే సంగతి వేరు. ముందు ఫైబర్ బాక్స్ మీద లైట్లు చూడండి, ఎల్ఓఎస్ అన్న చోట ఎర్ర లైటు ఉంటే బయట ఫైబర్ తెగిందో వంగిందో, ఇంట్లో ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా ఉపయోగం లేదు. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో కరెంటు స్తంభాల మీది కేబుళ్లు కత్తిరించినప్పుడు ఎంతమంది రూటర్ని రీసెట్ కొట్టి ఉన్న సెట్టింగ్స్ కూడా పోగొట్టుకున్నారో. ఎర్ర లైటు చూస్తే రీసెట్ బటన్ జోలికి పోకుండా ఫోన్ చేసి "ఎల్ఓఎస్ రెడ్ ఉంది" అని ఆ మూడు మాటలే చెప్పండి.

లైట్లు బాగుండి మధ్యాహ్నం స్పీడ్ ఉండి రాత్రి మాత్రం పడిపోతుంటే, ల్యాప్‌టాప్‌ని ల్యాన్ వైరుతో రూటర్‌కి కలిపి కొలవండి. వైరులో కూడా రాత్రి పడిపోతే తప్పు ఇంట్లో లేదు, లైన్ మీద లోడు. అప్పుడు కంప్లైంట్‌లో నెట్ స్లో ఉంది అనొద్దు, "ల్యాన్ వైరుతో కొలిచా, మధ్యాహ్నం ఇంత, రాత్రి ఇంత, మూడు రోజులుగా ఇదే" అనండి, ఫోన్ అవతల మనిషి వైఫై దగ్గరికి వెళ్లి చూడండి సార్ అనే మాట అనలేడు. ఇంకో చిన్న పరీక్ష, ఫాస్ట్ డాట్ కామ్ అనేది నెట్‌ఫ్లిక్స్ వాళ్లది, అది నెట్‌ఫ్లిక్స్ సర్వర్ల నుంచే కొలుస్తది. మామూలు స్పీడ్ టెస్ట్‌లో 90 ఉండి అందులో 8 వస్తుంటే మీ కంపెనీ నుంచి ఆ సర్వర్లకి పోయే దారిలో ఇరుకు ఉందని అనుమానించొచ్చు, ఆ రెండు స్క్రీన్‌షాట్లు కూడా కంప్లైంట్‌కి పెట్టండి.

అన్ని అంకెలూ బాగుండి, సుడి కూడా లేకుండా, బొమ్మ మాత్రం కుదుపులుగా వస్తుంటే, శబ్దం ముందు పెదాలు వెనక ఉంటే, లేదా శబ్దం వచ్చి తెర నల్లగా ఉంటే, అది నెట్ సంగతి కాదు, టీవీ లోపలి పని, నాలుగో పాఠం మొత్తం దాని మీదే. దానికోసం ఈలోపు ఒక పని చేసి పెట్టుకోండి. టీవీలో యూట్యూబ్ తెరిచి ఏదైనా వీడియో పెట్టి సెట్టింగ్స్ చక్రం నొక్కి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ ఆన్ చేయండి. మూల మీద చిన్న అక్షరాలు వస్తాయి, అందులో బఫర్ హెల్త్ అన్నది మన ట్యాంకే, ఎన్ని సెకన్ల నీళ్లున్నాయో చూపిస్తది, ఈరోజుకి మీకు అది చాలు, వీడియో నడుస్తుంటే అది సున్నా వైపు పడిపోతుందా నిలకడగా ఉందా చూడండి. దాని పైన ఫ్రేమ్స్ అన్న చోట డ్రాప్డ్ అని ఒక అంకె ఉంటది, వీడియో ఐదు నిమిషాలు నడిచాక దాన్ని, కోడెక్స్ పక్కన రాసి ఉన్న అక్షరాలని, రెండిటినీ ఫోన్‌తో ఫోటో తీసి ఉంచండి, వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలుపెడతా.