ముసలి కుక్క తిండి మానేసిందా? వంట మార్చే ముందు నోరు చూడండి

మా టైగర్‌కి 12 ఏళ్లు. పేరుకే టైగర్, పక్కింటి పిల్లి ఎదురొస్తే తనే గోడవారగా తప్పుకుంటాడు. నిరుడు విజయనగరంలో సిరిమానోత్సవం రోజుల్లో ఇంటినిండా చుట్టాలు, వీధినిండా మైకులు, వీడేమో కంచం దాకా వచ్చి వాసన చూసి వెనక్కి వెళ్లిపోవడం మొదలెట్టాడు. గోలకి బెదిరాడులే అనుకున్నాం. పండగ అయిపోయింది, చుట్టాలు బస్సెక్కేశారు, వీడు మాత్రం తినలేదు. "ముసలిదైపోనాది బాబూ, ఇంకేటి తింటాది" అని పక్కింటి మామ్మగారు తేల్చేశారు. నేనూ అదే నమ్మి నాలుగు రోజులు మెనూ మారుస్తూ కూర్చున్నాను, చికెన్ ఒకరోజు, గుడ్డు ఒకరోజు, పెరుగన్నం ఒకరోజు, చివరికి పాలల్లో బిస్కెట్లు. తీరా చూస్తే పైదవడలో పెద్ద పన్ను కుళ్లిపోయి ఉంది. వాడికి ఆకలి ఉంది, నమలలేకపోతున్నాడు, అంతే.

ఆ నాలుగు రోజుల సిగ్గుతోనే ఇది రాస్తున్నాను. వయసు పెరిగితే తిండి కాస్త తగ్గుతుంది, నిజమే. కానీ రోజంతా ముద్ద ముట్టకపోతే దానికి వయసు కాకుండా వేరే కారణం ఉంటుంది, దాన్ని వెతకాలి.

1. తినలేకపోతోందా, తినాలని లేదా?

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఇదే. కంచం పెట్టి పక్కన ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి, బతిమాలొద్దు, ఫోనులో వీడియో మాత్రం తీయండి. కంచం చప్పుడుకి లేచి వచ్చి, ముద్ద నోట్లోకి తీసుకుని, తల ఒక పక్కకి వంచి, మళ్లీ కింద పడేస్తోందంటే నోట్లోనో గొంతులోనో నొప్పి ఉన్నట్టు. మెత్తనిది తిని గట్టిది వదిలేసినా అనుమానం అక్కడే. మా వాడైతే అన్నం ముద్దని ఎడమ దవడతోనే తిప్పలు పడి నమిలేవాడు, ఆ సంగతి వీడియో రెండోసారి చూస్తే గానీ నాకు అర్థం కాలేదు.

అలా కాకుండా కంచం వైపు చూడకుండా మొహం తిప్పేసుకుంటున్నా, ఊరికే పెదాలు నాక్కుంటున్నా, చొంగ కారుస్తున్నా, గడ్డి కోసం పెరట్లోకి పరిగెడుతున్నా అది వికారం. కడుపు, కాలేయం, కిడ్నీలు, జ్వరం, వాడుతున్న మందులు, ఏదైనా కారణం కావచ్చు. ఇక్కడ వంట మార్చి లాభం లేదు.

2. నోరు, చిగుళ్లు, ఒళ్లు చూడటం

పగటి వెలుతురులో పెదవి పైకెత్తండి, నోరంతా తెరవక్కర్లేదు. పళ్ల మీద గోధుమరంగు గార, ఎర్రగా వాచిన చిగురు, ముక్కు మూసుకోవాలనిపించే వాసన ఉన్నాయేమో చూడండి. కంటి కింద చిన్న వాపు కనిపిస్తే కందిరీగ కుట్టిందని వదిలేయకండి (మేం వదిలేశాం). పైదవడలో నమిలే పెద్ద పన్ను వేళ్లు సరిగ్గా కంటి కిందకే వస్తాయి, అక్కడ చీము పడితే వాపు అక్కడే తేలుతుంది. నొప్పిగా ఉన్నప్పుడు ఎంత మంచి కుక్కయినా కరుస్తుంది, కాబట్టి బలవంతం చేయొద్దు.

చిగుళ్లు గులాబీ రంగులో, తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడ్డ చోటు రెండు సెకన్లలోపు మళ్లీ రంగుకి రావాలి. మన నాటు కుక్కలకి చాలావాటికి చిగుళ్లు నల్లగానే ఉంటాయి, అప్పుడు కింది కనురెప్ప లాగి లోపలి రంగు చూడండి. పాలిపోయి ఉంటే రక్తం తగ్గి ఉండొచ్చు, వెంటనే చెవుల లోపల, కాలివేళ్ల మధ్య పిడుదులు వెతకండి, ఎందుకంటే మన వైపు పిడుదుల వల్ల వచ్చే జ్వరం మామూలే, దానికి మొదటి గుర్తు చాలాసార్లు తిండి మానేయడమే. ఒక్కోసారి ముక్కులోంచి రక్తం కూడా వస్తుంది. డిజిటల్ థర్మామీటరు కొసకి కొంచెం వాజలైన్ రాసి మలద్వారంలో పెట్టి చూస్తే కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. 103 దాటితే జ్వరం. ముక్కు తడిగా ఉందా పొడిగా ఉందా అని చూసి జ్వరం తేల్చేవాళ్ల మాట నమ్మొద్దు.

నీళ్లు కూడా కొలవండి. ఒక కొలతపాత్రతో పొద్దున పోసి మర్నాడు పొద్దున ఎంత మిగిలిందో చూస్తే చాలు. కిలో బరువుకి రోజుకి 50, 60 మిల్లీలీటర్లు మామూలు. 100 దాటి తాగుతూ, ఎక్కువగా మూత్రం పోస్తూ, తిండి మానేస్తే కిడ్నీలనో షుగరునో అనుమానించాలి. ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఎదకి వచ్చి వెళ్లిన కొన్ని వారాలకి ఇలా నీళ్లు ఎక్కువ తాగుతూ తిండి మానేస్తే గర్భసంచిలో చీము పట్టి ఉండొచ్చు, అది ప్రాణం మీదకి వచ్చే జబ్బు, ఆ రోజే తీసుకెళ్లాలి.

3. ఎప్పుడు ఆగకూడదు

ముసలి కుక్క 24 గంటలు ఏమీ తినకపోతే డాక్టరుకి చూపించాలి. మూడు రోజులు చూద్దాం అనేది వయసులో ఉన్న కుక్కకే మంచిది కాదు. పొట్ట ఉబ్బి, వాంతి రాకుండా ఊరికే డోకుతున్నా, తారులా నల్లటి విరేచనం అయినా, నీళ్లు కూడా ముట్టకపోయినా, చిగుళ్లు తెల్లబడినా, నిద్రలో నిమిషానికి 30 కంటే ఎక్కువసార్లు ఊపిరి తీస్తున్నా ఆ 24 గంటలు కూడా చూడొద్దు.

వెళ్లేటప్పుడు ఆ వీడియో, వాడుతున్న మందుల అట్టలు, వీలైతే శుభ్రమైన సీసాలో పొద్దుటి మూత్రం పట్టుకెళ్లండి. చివరిసారి సరిగ్గా తిన్నదెప్పుడో కాగితం మీద రాసుకోండి, అక్కడికెళ్లాక టెన్షన్‌లో అన్నీ మరిచిపోతాం. రక్తపరీక్ష చేయిస్తామంటే దండగ అనుకోకండి. కిడ్నీలు నాలుగింట మూడొంతులు దెబ్బతినేదాకా రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే కొలత) పెద్దగా పెరగదు, బయటికి గుర్తులూ అంతగా కనపడవు, కాబట్టి పైపైన చూసి చెప్పడం ఎవరివల్లా కాదు. విజయనగరం జిల్లా వాళ్లకి గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. పల్లెల్లో ఉండి బండి దొరక్కపోతే సంచార పశువైద్య వాహనం కోసం 1962కి ఫోన్ చేసి అడగండి, వాళ్ల పని ఎక్కువగా ఆవులు గేదెలతోనే గానీ కనీసం దారి చెబుతారు.

ఈలోగా ఇంట్లో ఉన్న పారాసెటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి మాత్రం వేయకండి. మనిషికి తగ్గించే ఆ మాత్రే కుక్క కాలేయాన్నో కడుపునో కిడ్నీలనో తినేస్తుంది.

4. ఇప్పుడు వంట

కారణం తెలిశాక, మందు మొదలయ్యాక, లేదా డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు కాస్త తినిపించడానికి ఇవి పనికొస్తాయి. కుక్కకి రుచి కంటే వాసన ముఖ్యం, ముసలితనంలో ఆ వాసన పట్టే శక్తి కూడా మందగిస్తుంది. అందుకే ఫ్రిజ్‌లోంచి తీసిన అన్నం దాని దృష్టిలో తిండే కాదు. గోరువెచ్చగా చేయండి, మీ చేతి వెనకవైపు పెట్టుకుంటే వెచ్చగా తగలాలి గానీ కాలకూడదు.

ఎముకలు తీసిన చికెన్‌ని ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి, మసాలా ఏమీ లేకుండా ఉడికించి, మెత్తగా చిదిమి, ఆ నీళ్లతోనే జావలాంటి అన్నంలో కలపడం నా మొదటి ప్రయత్నం. సముద్రం పక్కన కళింగపట్నం, భావనపాడు వైపు ఉన్నవాళ్లకి కవళ్లు అనే చేపలు చవగ్గా దొరుకుతాయి, ఉడికించి ముళ్లు జాగ్రత్తగా ఏరేస్తే ఆ వాసనకి మొండికేసిన కుక్క కూడా లేస్తుంది. ఎండుచేపలు ఇంకా వాసన కొడతాయని ఆశపడొద్దు, అందులో ఉప్పు మరీ ఎక్కువ. పల్చటి చోడి (రాగి) అంబలిలో చికెన్ నీళ్లు కలిపితే మా టైగర్ నాకేస్తాడు. ప్యాకెట్లలో దొరికే పెల్లెట్లు (గట్టి పొడి తిండి) తినేదైతే వేడినీళ్లలో పది, పదిహేను నిమిషాలు నానబెట్టి చల్లార్చి ఇవ్వండి.

మటన్ కొవ్వు, పూరీ, పకోడీ పెడితే తింటుంది నిజమే, క్లోమం వాచి మళ్లీ మంచం పడుతుంది. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ విషం. ఉడికించిన ఎముక పగిలి పేగుకి గుచ్చుకుంటుంది. చికెన్ అన్నం కొద్దిరోజులకే, నెలల తరబడి అదే పెడితే కాల్షియం లాంటివి అందవు. కిడ్నీ జబ్బని తేలితే ఈ మాంసం లెక్కంతా మారిపోతుంది, డాక్టరు చెప్పిందే పెట్టండి.

5. పెట్టే పద్ధతి

రోజుకి రెండుసార్లు కాకుండా నాలుగుసార్లు, కొంచెం కొంచెం. వేసవిలో అయితే తెల్లారకముందు ఒకటి, చీకటి పడ్డాక ఒకటి తప్పనిసరి, మధ్యాహ్నం ఉక్కలో మనకే తినబుద్ధి కాదు. 20 నిమిషాలు చూసి తినకపోతే కంచం తీసేయండి, కళ్లెదురుగా పాచిపోయే అన్నం వికారాన్ని పెంచుతుంది.

మెడ, మోకాళ్లు నొప్పులున్న కుక్కకి వంగడమే కష్టం. రెండు ఇటుకల మీదో పీట మీదో కంచం పెట్టి చూడండి, కొన్నిసార్లు సమస్య అక్కడితో తీరిపోతుంది. టైల్స్ మీద కాళ్లు జారితే కింద గోనెసంచి పరవండి, జ్యూట్ మిల్లులున్న జిల్లాలో గోనెసంచికి కరువా?

చేత్తో ముద్ద పెడితే చాలా కుక్కలు తింటాయి, అందులో తప్పేం లేదు. కానీ దవడలు పట్టుకుని గొంతులోకి పోయడం మాత్రం వద్దు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. ఇంకో మాట, మందు మాత్ర దానికి ఇష్టమైన తిండిలో దాచకండి. ఒకసారి చేదు తగిలితే ఆ తిండినే అనుమానిస్తుంది, ఉన్న ఒక్క ఆధారమూ పోతుంది. మాత్ర కోసం వేరే చిన్న ముద్ద చేయండి.

6. బరువు రాసుకోండి

కుక్కని ఎత్తుకుని బరువు మిషను ఎక్కి, తర్వాత మీరొక్కరే ఎక్కి, తేడా తీస్తే సరిపోతుంది. వారానికోసారి క్యాలెండర్ మీద రాయండి. పదోవంతు తగ్గిందంటే కంటికి బాగానే ఉన్నా మళ్లీ చూపించాలి. మా వాడు దసరాకి ముందు 17 కిలోలు, పన్ను తీయించిన రోజుకి 15. బొచ్చు వల్ల మాకు ఆ రెండు కిలోలు కనపడనే లేదు. సంక్రాంతికి 16న్నర ఉన్నాడు. ఇప్పుడు కుడి దవడతోనూ నములుతున్నాడు, అదీ చప్పుడు చేసుకుంటూ.