రాతిలో కనిపించిన శిలాజం ఏ రకానిదో ఎలా గుర్తించాలి?

చనిపోయిన ప్రాణులలో అత్యధిక భాగం కుళ్లిపోయి, ఆనవాలు లేకుండా పోతాయి. బురదో, ఇసుకో, ఒండ్రుమట్టో త్వరగా కప్పేసి గాలి తగలకుండా చేసినప్పుడు మాత్రమే ఎముక, గవ్వ, కలప వంటి గట్టి భాగాలు నిలిచి శిలాజాలయ్యే అవకాశం ఉంటుంది. కాబట్టి పూడిపోయిన తర్వాత ఆ ప్రాణి ఏమైందో ఊహించగలిగితే, శిలాజం రకం దాదాపుగా తేలినట్టే.

1. ముందుగా రాయిని చూడండి.
కరిగిన శిలాద్రవం భూగర్భంలో గడ్డకట్టి ఏర్పడిన గ్రానైట్‌లో శిలాజాలు ఉండవు కనుక, హైదరాబాద్ చుట్టూ ఉన్న గుట్టల్లో వెతకడం వృథా. ఇసుకరాయి, సున్నపురాయి, షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన పలకల రాయి) వంటి పొరల రాళ్లలో వెతకాలి. లావా ప్రవహించిన ప్రాంతాన్ని కూడా పూర్తిగా వదిలేయనక్కర్లేదు. రాజమండ్రి దగ్గర కాతేరులో రెండు లావా పొరల నడుమ చిక్కుకున్న సున్నపురాయిలో సుమారు 6.5 కోట్ల ఏళ్ల నాటి గవ్వలు ఉన్నాయి.

2. అది నిజంగా శిలాజమేనా అని పరీక్షించండి.
రాతి పగుళ్లలోకి ఇంకిన నీటి నుంచి మాంగనీస్ ఆక్సైడ్ పేరుకుని, అచ్చం ఫెర్న్ మొక్కలా నల్లగా కొమ్మలు చాచుకుంటుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. భూతద్దంతో చూస్తే అందులో ఈనెలు ఉండవు. అదే సింగరేణి బొగ్గు పొరల వెంట ఉన్న షేల్‌లో దొరికే, గ్లాసోప్టెరిస్ అనే అంతరించిన మొక్క ఆకునైతే, నాలుక ఆకారం, నడిమి ఈనె, దాని నుంచి అంచుల దాకా వల అల్లినట్టు సాగే సన్నని ఈనెలను బట్టి వెంటనే గుర్తుపట్టవచ్చు. ఒత్తిడికి ఆకులోని మిగతా పదార్థాలు పోయి, కర్బనం మాత్రం పలుచని నల్లటి పొరగా మిగిలితే దాన్ని కర్బనీకరణ శిలాజం అంటారు.

3. అసలు పదార్థం ఉందో, రాయిగా మారిందో తేల్చండి.
భూగర్భజలంలో కరిగి ఉన్న సిలికా, కాల్షియం కార్బనేట్ వంటి ఖనిజాలు ఎముకలోనూ కలపలోనూ ఉండే సూక్ష్మరంధ్రాలను నింపుతూ గట్టిపడతాయి. తమిళనాడులోని తిరువక్కరై మానులు ఇలా రాళ్లయినవే. ఆకారం చెక్కది, బరువు రాతిది. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో బయటపడిన జురాసిక్ కాలపు డైనోసార్ కోటాసారస్ ఎముకలు కూడా శిలాజాలే. దాని అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టారు, తప్పక చూడవలసినది.

4. గుంట, ఉబ్బు తేడా గమనించండి.
గవ్వ కరిగిపోగా దాని ఆకారంలో రాతిలో మిగిలిన గుంట అచ్చు. ఆ గుంటను తర్వాత ఖనిజాలో, ఒండ్రో నింపి గట్టిపడితే అది పోత.

5. శరీరం లేని శిలాజాలనూ లెక్కలోకి తీసుకోండి.
అడుగుజాడలు, పురుగులు తొలిచిన బొరియలు, రాయిగా మారిన పేడ ఈ కోవలోకి వస్తాయి. మహారాష్ట్రలోని పిస్దురాలో దొరికిన, డైనోసార్లవిగా భావించే పేడ శిలాజాల్లో గడ్డిజాతి మొక్కల సిలికా కణాలు కనిపించడంతో, డైనోసార్ల కాలానికే గడ్డి ఉందని తెలిసింది. ఏ ఎముకా చెప్పలేని సంగతి ఇది.

6. పెకలించకుండా నమోదు చేయండి.
ఏ పొరలో ఉందో తెలియని శిలాజానికి శాస్త్రపరంగా విలువ చాలావరకు పోతుంది. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, స్థలాన్ని, రాతి పొరను, తేదీని రాసుకుని, హైదరాబాద్‌లోని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయానికో, దగ్గరలోని విశ్వవిద్యాలయ భూగర్భశాస్త్ర విభాగానికో తెలియజేయండి.