జమైకా డార్క్ రమ్: ముందు వాసన, తర్వాతే గుటక

జమైకా డార్క్ రమ్ ఎప్పుడైనా చేతికొస్తే, దయచేసి మొదటి పెగ్గులోనే కోలా కలిపేయకండి. దాని గొప్పతనమంతా వాసనలోనే ఉంటుంది.

అంచు దగ్గర సన్నబడే చిన్న గ్లాసులో 30 మి.లీ. పోసి, పది నిమిషాలు కదపకుండా వదిలేయండి. తర్వాత ముక్కు గ్లాసులో పెట్టేయకుండా, కాస్త ఎడంగా ఉంచి, నోరు కొద్దిగా తెరిచి వాసన చూడండి. ఘాటు తగ్గి, బాగా మగ్గిన అరటిపండు, అనాస, వెనకాలే చెరకు మడ్డి (మొలాసిస్) వాసన తెలుస్తాయి. జమైకాలోని హ్యాంప్‌డెన్ ఎస్టేట్ అనే బట్టీలో చేసిన రమ్ అయితే వార్నిష్ లాంటి వాసన కూడా రావచ్చు. పాడైందని అనుకోకండి! అక్కడ మడ్డిని రోజుల తరబడి పులియబెడతారు, బట్టీలో మిగిలిన 'డండర్' అనే పుల్లటి ద్రవం కూడా కలుపుతారు. అలా పుట్టే ఎస్టర్లు అనే సువాసన పదార్థాలదే ఆ పండ్ల వాసన. ఓల్డ్ మంక్ వెనీలా తీపికి అలవాటైన వాళ్లకు మొదట వింతగా ఉంటుంది, కానీ రెండోసారికి నచ్చుతుంది. నాకైతే అలాగే జరిగింది.

రంగు చూసి వయసు అంచనా వేయొద్దు. ఆ నలుపు చాలాసార్లు కారమెల్ వల్ల వచ్చిందే.

మొదటి గుటక చాలా చిన్నది. నాలుక మీద కాసేపు ఉంచండి. స్మిత్ అండ్ క్రాస్ లాంటి, 57 శాతం ఆల్కహాల్ ఉన్న రమ్‌కి అర చెంచా నీళ్లు తప్పనిసరి, నీళ్లు పడ్డాకే దాని వాసన విచ్చుకుంటుంది. ఖాళీ గ్లాసు వెంటనే కడగకుండా పొద్దున్నే ఒకసారి వాసన చూడండి.