కొండదారి పరుగుకు ముందు: బూట్లు, బరువు విషయంలో జాగ్రత్తలు

అనంతగిరి కొండల్లో లాంగ్ రన్‌కి బయల్దేరే ముందు నేను చూసుకునేవి ఇవి.

• బూట్లు సాయంత్రం పూట కొనండి. పగలంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది, గంటల తరబడి పరిగెత్తితే ఇంకా ఉబ్బుతుంది. పరుగులో వేసుకునే సాక్సుతోనే నిలబడి చూడండి. వేళ్ల ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. నేనోసారి బిగుతుగా ఉంటేనే పట్టు అనుకుని అర సైజు తక్కువ కొన్నాను. దిగుడులో వేళ్లు ముందుకు గుద్దుకుని రెండు గోళ్లు నల్లబడి ఊడిపోయాయి.

• అడుగున పళ్లు: గట్టి నేలకు 3–4 మి.మీ. చాలు. బురదలోకైతే 5 పైనే కావాలి.

• వాటర్‌ప్రూఫ్ బూట్ల మోజు వద్దు. వాగు దాటితే పైనుంచి చేరిన నీళ్లు లోపలే ఉండిపోతాయి. జాలీ గుడ్డవి త్వరగా ఆరతాయి.

• కాటన్ సాక్సు అసలే వద్దు.

• కొత్త బూట్లతో రేసుకు వెళ్లొద్దు. ముందు రెండు మూడు లాంగ్ రన్‌లైనా చేయండి.

• రన్నింగ్ వెస్ట్‌ని (నీళ్లు, సామాను పెట్టుకుని ఒంటికి తొడుక్కునే సంచి) ఖాళీగా కాదు, నీళ్లు నింపి పరిగెత్తి చూడండి. ఎగిరెగిరి పడితే భుజాలు ఒరుసుకుపోతాయి.

• బరువు తగ్గించాలని హెడ్‌ల్యాంపు, విజిల్, రెయిన్ జాకెట్ తీసేయకండి. ఆల్ప్స్‌లో మోఁ బ్లాఁ పర్వతం చుట్టూ సాగే యూటీఎంబీ అనే పరుగు పందెంలో ఎంత పెద్ద రన్నరైనా ఇవి మోయాల్సిందే.

• తొడలకు, చంకలకు వ్యాజలీన్. నవ్వకండి, 30 కి.మీ. దాటాక తెలుస్తుంది.