పాత స్పోర్ట్స్ కారు కింద టకటక: శబ్దం ఎక్కడిదో పట్టుకుని సరిచేయడం ఎలా?

మా ఇంటి నుంచి విజయనగరం కోట వైపు వెళ్లే దారిలో ఒకచోట పైపు కోసం రోడ్డు అడ్డంగా తవ్వి, మట్టి పోసి వదిలేశారు. ఎడమ చక్రం ఆ గాడిలో దిగితే చాలు, నా 2007 మోడల్ లాన్సర్ సెడియా ముందు వైపు నుంచి ఇనప డబ్బాలో గోళీ వేసి ఊపినట్టు టకటకమనేది. అదే వీధి చివర స్పీడ్ బ్రేకర్ ఎక్కితే మాత్రం చప్పుడే ఉండేది కాదు. అసలు ఆధారం ఆ రెండో సంగతిలోనే ఉందని నాకు అప్పట్లో తెలియదు. ఒక గ్యారేజీలో "షాకబ్జర్లు పోయాయండి" అంటే ముందువి రెండూ మార్పించేశాను. డబ్బు ఖర్చయింది, టకటక అలాగే ఉండిపోయింది.

చివరికి శ్రీకాకుళంలో ఒక పెద్ద వయసు మేస్త్రి బానెట్ కూడా ఎత్తకుండా అడిగాడు: "ఒక్క చక్రం గుంతలో దిగితేనే కొడతందా బాబూ, రెండూ ఒకేసారి ఎక్కినా కొడతందా? ముందు అది చెప్పండి." ఒక్క చక్రం దిగితేనే అన్నాను. "అయితే లింక్ రాడ్డు" అన్నాడు. అదే అయింది. షాకబ్జర్లకు పెట్టిన ఖర్చు ముందు దాని ధర లెక్కలోకి కూడా రాదు.

అప్పటి నుంచి నేను పాటిస్తున్నది ఒక్కటే. శబ్దం ఎప్పుడు వస్తోందో తేలేదాకా పానా ముట్టుకోను. సెడియా అనే కాదు, పాలియో 1.6, హోండా సిటీ వీటెక్, ఆక్టేవియా ఆర్ఎస్ లాంటి హుషారైన పాత కార్లన్నిటికీ ఇది పనికొస్తుంది. స్పోర్టీ కార్లలో స్ప్రింగులు గట్టిగా, టైరు పక్క గోడలు పొట్టిగా ఉంటాయి. రోడ్డు దెబ్బ టైరు దగ్గర ఆగదు, నేరుగా కీళ్ల దగ్గర ఉండే రబ్బరు తొడుగుల (బుష్‌ల) మీద పడుతుంది. పైగా రబ్బరుకు వయసు కిలోమీటర్లతోనే రాదు. షెడ్డులో కదలకుండా ఉన్న కారులో కూడా పదిహేనేళ్లకు అది ఎండి పగులుతుంది. భోగాపురం, కళింగపట్నం లాంటి తీరం పక్క ఊళ్లలో అయితే ఉప్పుగాలికి బోల్టులు, స్ప్రింగులు తుప్పు పట్టడం దీనికి అదనం.

ముందు డిక్కీ ఖాళీ చేయండి

స్టెప్నీ, జాకీ, పానాల సంచి, నీళ్ల డబ్బా అన్నీ దించేయండి. వెనక సీటు బెల్టుల బకిల్స్ ప్లాస్టిక్‌కు తగలకుండా పెట్టండి. టైర్లలో గాలి సరిచూడండి. మా బావమరిది కారులో వారం రోజులు వెతికిన గుడగుడ చివరికి స్టెప్నీ బిగించే మర వదులైనందువల్ల వచ్చిందే. సైలెన్సర్‌ను వేలాడదీసే రబ్బర్లు, దాని పైన వేడిని అడ్డుకునే రేకు కూడా సస్పెన్షన్ (చక్రాలను బాడీకి కలిపే స్ప్రింగులు, షాకబ్జర్లు, ఆర్మ్‌ల అమరిక) శబ్దంలాగే మోసం చేస్తాయి. ఇంజన్ ఆపి, చల్లారాక సైలెన్సర్‌ను చేత్తో ఊపి చూస్తే తెలిసిపోతుంది.

శబ్దంతో పాటు సందర్భం రాసుకోండి

పొద్దున్నే, ట్రాఫిక్ మొదలవకముందు, ఒక పక్క పొడవైన ప్రహరీ గోడ ఉన్న వీధి చూసుకోండి. ఏసీ, పాటలు ఆపి, అద్దాలు దించి, గంటకు 10 నుంచి 20 కిలోమీటర్ల వేగంతో గోడ పక్కగా నడపండి. చక్రం దగ్గర పుట్టిన చప్పుడు గోడకు తగిలి మీ చెవికి స్పష్టంగా వస్తుంది. తర్వాత వెనక్కి తిరిగి రండి, ఇప్పుడు గోడ రెండో పక్కకు వస్తుంది. ఎడమ పక్కా, కుడి పక్కా అన్నది చాలావరకు ఇక్కడే తేలుతుంది. వెనక సీట్లో ఇంకొకరు ఉంటే ముందా వెనకా అన్నది కూడా తెలుస్తుంది.

ఇక సందర్భాలు. చిన్న చిన్న గతుకుల మీద, ఒక్క చక్రం దిగినప్పుడు టకటక వస్తే మొదటి అనుమానం స్టెబిలైజర్ బార్ లింక్ మీద, అంటే మేస్త్రి చెప్పిన లింక్ రాడ్డు మీద పెట్టండి. ఈ బార్ ఎడమ, కుడి చక్రాలను కలిపి, మలుపులో కారు ఒరగకుండా చూస్తుంది. స్పీడ్ బ్రేకర్ మీద రెండు చక్రాలూ కలిసి లేస్తే బార్ మెలిపడదు, లింక్ మీద బరువు పెద్దగా పడదు, అందుకే చప్పుడు రాదు. ఒక్క చక్రమే దిగితే బార్ మెలిపడి లింక్‌ను లాగుతుంది. లింక్ చివర ఉండే బంతి అరిగి ఉంటే అక్కడ కొట్టుకుంటుంది. నా కారు రోజూ నాతో చెప్పింది ఇదే.

బ్రేకు వేసినప్పుడు ఒకసారి, వదిలి ముందుకు కదిలినప్పుడు ఒకసారి 'దబ్' మంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బాడీకి కలిపే చెయ్యి) బుష్‌లు చూడాలి. గేటులోకి నెమ్మదిగా తిప్పుతుంటే పాత తలుపులా కిర్రుమంటే అది ఎండిన రబ్బరు. వానలో ఆ కిర్రు మాయమై ఎండ కాశాక తిరిగొస్తే ఇక సందేహమే అక్కర్లేదు. నిలబడి ఉన్న కారులో స్టీరింగ్ తిప్పితే స్ప్రింగు 'టంగ్' మని ఎగిరినట్టు అనిపిస్తే స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జర్ కలిసి ఉండే భాగం) పైన ఉండే మౌంట్ బేరింగ్ పట్టేసింది.

సస్పెన్షన్‌వి కానివి మూడున్నాయి, అవి పక్కన పెట్టేయండి. గతుకుల్లో బ్రేకు పెడల్ మీద కాలు కొద్దిగా ఆనిస్తే శబ్దం ఆగిపోతే అది బ్రేకు ప్యాడ్లదో, క్యాలిపర్‌దో. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలినప్పుడు కటకటమంటే యాక్సిల్ జాయింట్. వేగంతో పాటు పెరిగే 'హూ' శబ్దం వీల్ బేరింగ్‌ది.

కింద చెయ్యి పెట్టే ముందు

సిమెంటు నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఎత్తని చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టండి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. కారు బరువు స్టాండ్ల మీద ఉండాలి. రాళ్లు, ఇటుకలు పేర్చి వాటి మీద ఆనించి కిందికి దూరడం చాలాచోట్ల చూస్తాను, దయచేసి ఆ పని చేయకండి. ఇటుక పగిలే ముందు చెప్పదు. ఇంకొకటి, స్ట్రట్ పైన మధ్యలో ఉండే నట్టు ఇంట్లో విప్పకండి. దాని కింద నొక్కిపెట్టి ఉన్న స్ప్రింగు మనిషిని చంపగలదు. ఆ పనికి స్ప్రింగును నొక్కిపట్టే సరైన కంప్రెసర్ ఉన్న చోటికే వెళ్లాలి.

చేత్తో పట్టి చూడటం

లింక్ పరీక్షలో చాలామంది ఒక తప్పు చేస్తారు. ఒక్క చక్రం ఎత్తితే బార్ మెలిపడి లింక్ బిగుసుకుంటుంది, ఎంత అరిగినా ఆట (వదులు కదలిక) తెలియదు. నాలుగు చక్రాలూ నేల మీద ఉండాలి, లేదా ముందువి రెండూ సమానంగా ఎత్తి ఉండాలి. నేను స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పి, ఇంజన్ ఆపి, గోనె సంచి పరుచుకుని చక్రం వెనక సందులోంచి చెయ్యి పెట్టాను. లింక్ చివర రబ్బరు టోపీ మీద బొటనవేలు ఆనించాను. మా అబ్బాయి పైకప్పు పట్టుకుని కారును అటూ ఇటూ ఊపాడు. టక్ అన్నది చెవికంటే ముందు వేలికి తెలిసింది. టోపీ చుట్టూ చీలి ఉంది, నొక్కితే గ్రీజుకు బదులు ఎర్రటి తుప్పు నీరు వచ్చింది.

ఇక చక్రం ఎత్తి చూసేవి. పైనా కిందా, అంటే గడియారంలో 12, 6 అంకెల దగ్గర పట్టుకుని ఊపండి. ఆట ఉంటే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. ఆట పోతే అది వీల్ బేరింగ్, అప్పటికీ ఉంటే లోయర్ ఆర్మ్‌ను చక్రం వైపు కలిపే బాల్ జాయింట్ వైపు చూడాలి. 9, 3 దగ్గర పట్టి ఊపితే ఆట కనిపిస్తే స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ చివర (టై రాడ్ ఎండ్), లేదా స్టీరింగ్ ర్యాక్. బాల్ జాయింట్‌ను ఖాయం చేసుకోవడానికి లోయర్ ఆర్మ్‌కు, చక్రం పట్టుకునే నకిల్‌కు మధ్య పొడవాటి కడ్డీ పెట్టి మెల్లగా ఎత్తాలి. కళ్లకు కనిపించేంత కదలిక ఉంటే ఆ కారు నడపకండి. అది ఊడితే చక్రం పక్కకు వాలిపోతుంది. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుండగా అలా జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి.

కిర్రు శబ్దానికి నీళ్లే పరీక్ష. స్ప్రే సీసాతో ఒక్కొక్క బుష్ మీద నీళ్లు కొట్టి, కారును నొక్కి వింటూ పోండి. ఏది తడిస్తే చప్పుడు ఆగిందో అదే దొంగ. వెనక మల్టీలింక్ ఉన్న సెడియా లాంటి కార్లలో బుష్‌లు చాలా ఉంటాయి కాబట్టి ఓపిక కావాలి.

స్ప్రింగు చివరి చుట్టు విరిగిందేమో టార్చి వేసి చూడండి. చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు రెండు పక్కలా టేపుతో కొలిస్తే, ఒక పక్క బాగా దిగి ఉంటే తేడా అక్కడే కనిపిస్తుంది.

లింక్ మార్చడం

మొదటిసారి స్వయంగా చేయడానికి ఇది మంచి పని. ముందు రోజు రాత్రే నట్లను వైరు బ్రష్‌తో రుద్ది, తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి. తీరంలో తిరిగిన కారైతే రెండుసార్లు కొట్టండి. మర్నాడు ముందు చక్రాలు రెండూ ఎత్తి, స్టాండ్లు పెట్టి, చక్రాలు తీయండి. నట్టు తిప్పితే లోపలి బంతి కూడా దాంతో పాటే తిరుగుతుంది. అందుకే బోల్టు చివర ఉండే గుంటలో ఎల్ కీ పెట్టి ఆపి, పానాతో నట్టు తిప్పాలి. గుంట చెడిపోయి ఉంటే నట్టును రంపంతో కోయడమే దారి. ఎలాగూ పారేసే పార్టే కాబట్టి బాధపడక్కర్లేదు.

మిత్సుబిషి ఇక్కడ కొత్త కార్లు అమ్మడం మానేసి ఏళ్లయింది. పార్టు కోసం విశాఖ ఆటోనగర్‌కు వెళ్తే పాతది చేతిలో పట్టుకెళ్లండి. బంతి మధ్య నుంచి బంతి మధ్యకు పొడవు, మర సైజు, రెండు చివరలూ ఏ దిక్కుకు చూస్తున్నాయి, ఈ మూడూ కలవాలి. ఎడమది పోతే కుడిది కూడా కలిపి మార్చేయండి, వయసు రెండిటిదీ ఒకటే. కొత్త నట్లనే వాడి, మాన్యువల్లో చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించండి.

లోయర్ ఆర్మ్ బుష్‌ల దగ్గర ఒక మాట

పాత బుష్ తీసి కొత్తది ఎక్కించడానికి ప్రెస్ కావాలి, అది వర్క్‌షాప్‌లో చేయించండి. కానీ దగ్గరుండి ఒక్కటి చూసుకోండి. ఆర్మ్ బోల్టుల చివరి బిగింపు కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే జరగాలి. ఈ బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికి అతుక్కుని ఉంటుంది. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, కారు దించగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది. కొద్ది నెలల్లోనే చిరిగిపోతుంది. "కొత్త బుష్ వేయించినా మళ్లీ వచ్చింది" అని చెప్పేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే, తప్పు పార్టుది కాదు. ఈ మాట మేస్త్రికి చెప్పడానికి మొహమాటపడకండి.

వాటర్ సర్వీస్ చేయించాక కారు కింద డీజిలో పాత ఇంజనాయిలో కొట్టించే అలవాటు మన దగ్గర ఉంది. రెండు రోజులు కిర్రు ఆగుతుంది, నిజమే. కానీ అవి రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి. తాత్కాలికంగా ఏదైనా రాయాల్సి వస్తే సిలికాన్ గ్రీజు రాయండి. పాలీయూరితేన్ (రబ్బరు కంటే గట్టి ప్లాస్టిక్ లాంటిది) బుష్‌లు వేయాలనుకునేవాళ్లు వాటి గ్రీజు కూడా తప్పక వాడాలి, లేకపోతే కొత్త కిర్రు మొదలవుతుంది. రోజూ నడిపే కారుకు నేనైతే మామూలు రబ్బరువే వేస్తాను.

షాకబ్జర్లను చివరికి ఉంచాను, వాటి వంతు నిజంగానే చివరిది కాబట్టి. పైన సన్నగా చెమ్మ ఉంటే పరవాలేదు. ఆయిల్ ధారగా కారి దుమ్ముతో అట్టకట్టినా, కారు మూల నొక్కి వదిలితే రెండుసార్లకు మించి ఊగినా మార్చాల్సిందే, అదీ జతగా. అప్పుడే మౌంట్, బంప్ స్టాప్ (షాకబ్జర్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు దెబ్బ ఆపే రబ్బరు) కూడా కొత్తవి వేయించండి, లేకపోతే అదే కూలీ మళ్లీ ఇవ్వాలి.

పని అయ్యాక అదే వీధిలో, అదే గోడ పక్కన, అదే వేగంతో నడిపి వినండి. లింక్ ఒక్కటే మార్చితే వీల్ అలైన్‌మెంట్ అక్కర్లేదు. లోయర్ ఆర్మ్, స్ట్రట్, టై రాడ్ ఎండ్ వీటిలో ఏది విప్పినా అదే రోజు చేయించాలి. 100 కిలోమీటర్లు తిరిగాక చక్రాల నట్లతో సహా విప్పిన ప్రతి నట్టునూ టార్క్ రెంచ్‌తో మళ్లీ ఒకసారి చూసుకోండి.