మంచు కన్నంలోంచి వచ్చిన చిన్న చేప ఏ రకమో గుర్తుపట్టడం ఎలా?

జనవరిలో అమెరికాలోని మిన్నసోటా రాష్ట్రపు సరస్సుల మీద మంచుకు కన్నం పెట్టి గాలం వేసుకుని కూర్చుంటే, పెద్ద చేప పడినా పడకపోయినా చిన్న చేప ఒకటి ఏదో దారిన చేతికొస్తుంది. కన్నంలో పేరుకున్న మంచు ముక్కల్ని చిల్లుల గరిటెతో (బూరెలు తీసే గరిటెలాంటిదే) తోడేటప్పుడు వాటితోపాటే పైకొస్తుంది. లేదంటే కోసిన పెర్చ్ (చిన్న చేపల్ని తినే చేప) పొట్టలో కనిపిస్తుంది, ఎర బకెట్‌లో మిగతావాటికి భిన్నంగా ఒకటి తిరుగుతుంటుంది. రెండు మూడు అంగుళాలుండి వెండిలా మెరిస్తే చాలు, దాన్ని అందరూ "మిన్నో" (ఎరగా వాడే చిన్న చేపల కుటుంబం) అనేస్తారు.

మొదటి రెండు చలికాలాలు నేనూ అలాగే అన్నాను. ఒకరోజు నేను గాలానికి గుచ్చబోతున్న చేపను చూసి, పక్కన కూర్చున్న పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. అది పెర్చ్ పిల్ల. దాన్ని బతికుండగా ఎరగా వాడటం ఇక్కడ చట్టానికి విరుద్ధం. రంగు చూసి నిర్ణయించడం ఆ రోజుతో మానేశాను. మంచు కింది వెలుగులో ఒక రంగు, చేతిలో ఒక రంగు, చచ్చాక మరో రంగు. రెక్కలు, నోరు మాత్రం మారవు.

ముందు నీళ్లలో పెట్టండి

మైనస్ ఇరవైలో చేపను అరచేతిలో పెట్టుకుని చూస్తే క్షణాల్లో కళ్ల మీద, రెక్కల మీద మంచు పట్టేస్తుంది. పైగా గాలిలో రెక్కలు ఒంటికి అతుక్కుపోయి ఒకటా రెండా తెలియదు. అందుకే నేనెప్పుడూ ఒక చిన్న గాజు సీసా దగ్గర పెట్టుకుంటాను. అదే సరస్సు నీళ్లు పోసి చేపను అందులో వదిలితే రెక్కలన్నీ విచ్చుకుంటాయి. పక్కనుంచి ఒక ఫోటో, కింది నుంచి ఒక ఫోటో తీసుకోండి. సీసా పక్కన స్కేలు పెడితే ఇంకా మంచిది.

తోకకు ముందు చిన్న కండ రెక్క ఉందా?

మొదట చూడాల్సింది ఇదే. వీపు రెక్కకూ తోకకూ మధ్య ముల్లు లేని చిన్న మెత్తటి రెక్క ఉంటే అది మిన్నో కాదు. సన్నగా పొడుగ్గా ఉండి, నోట్లో పళ్లు తగిలితే రెయిన్‌బో స్మెల్ట్. ముక్కు దగ్గర పెట్టుకుంటే అప్పుడే తరిగిన కీరదోసకాయ వాసన వస్తుంది, ఒక్కసారి చూస్తే మరిచిపోరు. ఒంటి మీద నల్లచుక్కలు వరుసలుగా ఉండి, వేలితో రాస్తే పొలుసులు గరుకుగా తగిలితే ట్రౌట్ పెర్చ్. పొలుసులు నున్నగా, నోరు చిన్నగా, పళ్లు లేకుండా ఉంటే అది సిస్కో పిల్ల కావచ్చు. ఇక్కడివాళ్లు టలిబీ అంటారు. మీసాలు కూడా ఉంటే మన జెల్లల చుట్టం, బుల్‌హెడ్ పిల్ల.

వీపు మీద ముళ్లున్నాయా?

విడివిడిగా నాలుగైదు పొట్టి ముళ్లు నిలబడి, ఒంటి మీద పొలుసులే లేకపోతే బ్రూక్ స్టికిల్‌బ్యాక్. వీపు రెక్కలు రెండుండి, పక్కల మీద నిలువు పట్టీలుంటే పెర్చ్ పిల్ల. రెండు రెక్కలుండి సీసా అడుగున కదలకుండా కూర్చుంటే డార్టర్ కావచ్చు.

అలా అడుగున కూర్చునే వాటిలోనే ఒక ప్రమాదకరమైన చేపుంది: రౌండ్ గోబీ. నల్లసముద్రం, కాస్పియన్ ప్రాంతాల నుంచి ఓడల నీళ్లలో వచ్చి, 1990లో అమెరికా-కెనడా సరిహద్దులోని సెయింట్ క్లెయిర్ నదిలో, 1995లో మిన్నసోటాలోని డులూత్ రేవులో బయటపడింది. దీన్ని కింది నుంచి చూడాలి. పొట్ట రెక్కలు రెండూ కలిసిపోయి చిన్న దొన్నెలా ఉంటాయి, మొదటి వీపు రెక్క మీద నల్లమచ్చ ఉంటుంది. దీన్ని పోలిన స్కల్పిన్ ఇక్కడి చేపే, దాని పొట్ట రెక్కలు విడివిడిగా ఉంటాయి. కింది నుంచి ఫోటో తీయమన్నది ఇందుకే.

తోక గుండ్రంగా ఉందా?

తోక చీలకుండా విసనకర్రలా గుండ్రంగా ఉండి, దాని మొదట్లో నిలువుగా నల్లచార ఉంటే మడ్‌మిన్నో. పేరులో మిన్నో ఉన్నా ఆ కుటుంబం కాదు. మన కొరమీనులా గాలి పీల్చుకోగలదు. చలికాలం చివర్లో నీళ్లలో ఆక్సిజన్ తగ్గి మిగతా చేపలు చచ్చిపోయే సరస్సుల్లో కూడా, మంచు కింద చిక్కుకున్న గాలి బుడగలు మింగి బతుకుతుంది.

మిగిలినవి అసలు మిన్నోలు

ఒకే వీపు రెక్క, చీలిన తోక, దవడల్లో పళ్లుండవు. మన బొచ్చె, శీలావతిలాగే వీటికి పళ్లు గొంతులో ఉంటాయి. తికమకంతా ఇక్కడే, కాబట్టి తొందరపడకండి.

నోటితో మొదలుపెట్టండి. నోరు కిందికి తిరిగి, పెదాలు మందంగా, బుడిపెలతో ఉంటే అది మిన్నో కాదు, వాటి చుట్టమైన వైట్ సకర్ పిల్ల. పక్కన మూడు నల్లమచ్చలు కూడా ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. నోరు పెద్దదై కంటి కింది దాకా సాగి, వీపు రెక్క మొదట్లో నల్లచుక్క ఉంటే క్రీక్ చబ్. అలాంటి చుక్కే ఉన్నా నోరు చిన్నగా, తల మొద్దుగా ఉంటే ఫ్యాట్‌హెడ్. తలకూ వీపు రెక్కకూ మధ్య పొలుసులు చూడండి: ఫ్యాట్‌హెడ్‌కు అక్కడ చిన్నగా, ఒకదాని మీద ఒకటి ఒత్తుకుని ఉంటాయి. ఎర దుకాణాల్లో ఎక్కువగా దొరికేది ఇదే.

ఒళ్లు పలచగా, వెడల్పుగా, నోరు పైకి తిరిగి ఉంటే గోల్డెన్ షైనర్. పక్కన మొప్పల నుంచి తోక దాకా సాగే సన్నటి గీత దీనికి బాగా కిందికి వంగుతుంది. పొట్ట రెక్కల వెనుక వేలు పెట్టి రాస్తే పొలుసులు లేని పదునైన అంచు తగులుతుంది. తోక మొదట్లో గుండ్రటి నల్లచుక్క ఉంటే స్పాట్‌టెయిల్ షైనర్. సన్నగా, కళ్లు పెద్దవిగా, వీపు రెక్క పొట్ట రెక్కల కన్నా వెనక నుంచి మొదలైతే ఎమరాల్డ్ షైనర్. లేక్ ఆఫ్ ది వుడ్స్ అనే సరస్సు మీద గడ్డకట్టించి ఎరగా వాడేది ఈ చేపనే.

నోటి మూలల్లో మీసాలు, పొడుగాటి వీపు రెక్క ఉంటే మాత్రం ఆగండి. అది మనకు బాగా తెలిసిన బంగారుతీగ పిల్ల. మన చెరువుల్లో పెంచుకునే ఆ చేప ఇక్కడి సరస్సుల్లో అడుగు మట్టిని కెలికి, నాచు మొక్కల్ని పెకలించి నీళ్లు పాడుచేస్తుంది.

పొట్టలో దొరికినదైతే

చర్మం కరిగిపోయినా ముళ్లు త్వరగా కరగవు. వీపు వెంట విడివిడి ముళ్లు కనిపిస్తే స్టికిల్‌బ్యాక్ అనుకోవచ్చు. దవడల్లో పళ్లుంటే మిన్నోల జాబితా మొత్తం కొట్టేయవచ్చు.

గుర్తుపట్టాక

ఏ రకమో తేలకపోతే గాలానికి గుచ్చకండి. కన్నంలోంచే వచ్చి, అక్కడ సహజంగా ఉండే చేపైతే అదే కన్నంలో వదిలేయండి. గోబీ లాంటి పరాయి చేప అనిపిస్తే నీళ్లలోకి వదలకండి, బతికుండగా ఇంటికీ తీసుకెళ్లకండి. ఫోటో తీసి, సరస్సు పేరు, తేదీ రాసుకుని రాష్ట్ర సహజ వనరుల శాఖకు చెప్పండి. ఇక్కడ దాన్ని డిఎన్ఆర్ అంటారు.

కొన్న ఎర మిగిలితే "పాపం, బతుకుతుందిలే" అని కన్నంలో పోసేవాళ్లను చూశాను. జాలితోనే చేస్తారు, కానీ జబ్బులు, పరాయి చేపలు ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు చేరేది అలాగే. చేపల్లో లోపల రక్తస్రావం కలిగించే వీహెచ్ఎస్ అనే వైరస్ అమెరికా, కెనడాల మధ్య ఉన్న గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సుల్లో 2005లో బయటపడ్డాక ఈ విషయంలో నియమాలు గట్టిపడ్డాయి. మిగిలిన ఎర చెత్తబుట్టలో వేయండి. మళ్లీ వాడుకోవాలనుకుంటే సరస్సు నీళ్లు అక్కడే పారబోసి, ఇంటి నుంచి తెచ్చుకున్న కుళాయి నీళ్లు బకెట్‌లో పోసుకుని బయలుదేరండి.