విశాఖలో డిగ్రీ పూర్తి చేసినవారు ఐటీలో తొలి ఉద్యోగానికి ఎలా సిద్ధం కావాలి?

రుషికొండలో 2023లో ఇన్ఫోసిస్ కార్యాలయం తెరుచుకోవడంతోను, 2025 అక్టోబరులో గూగుల్ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ నెలకొల్పుతామని ప్రకటించడంతోను విశాఖ విద్యార్థుల్లో ఆశలు పెరిగాయి. అయితే పెట్టుబడి ఎంత పెద్దదైతే ఫ్రెషర్ల ఉద్యోగాలు అంత ఎక్కువగా ఉంటాయనుకోవడం సరికాదు, ఎందుకంటే ఏఐ హబ్‌లో ప్రధాన భాగమైన డేటా సెంటర్ నడపడానికి కావలసిన సిబ్బంది తక్కువే. కాబట్టి కంపెనీల కోసం ఎదురుచూడకుండా ఈ క్రమంలో సిద్ధం కావడం మేలు.

1. కోర్సు కన్నా ముందు ఉద్యోగాన్ని ఎంచుకోండి

చాలామంది ద్వారకానగర్‌లో ఏదో ఒక శిక్షణ సంస్థలో ఫీజు కట్టిన తరువాతే, ఆ కోర్సుతో ఏ ఉద్యోగం వస్తుందని ఆలోచిస్తారు. ఇది తలకిందుల పద్ధతి. ప్రోగ్రామింగ్ ఇష్టమైతే డెవలపర్, తప్పులు పట్టే ఓపిక ఉంటే టెస్టింగ్, ఫోన్‌లో ఎదుటివారి ఇబ్బందిని విని నిదానంగా పరిష్కరించగలిగితే టెక్నికల్ సపోర్ట్, అంకెలతో పని నచ్చితే డేటా అనలిస్ట్ ఉద్యోగాన్ని లక్ష్యంగా పెట్టుకోవచ్చు. నౌక్రీ, లింక్డ్‌ఇన్‌లలో ఆ పేరుతో వచ్చిన ప్రకటనలను చదివి, పదేపదే కనిపించే నైపుణ్యాలను రాసుకుంటే అదే మీ సిలబస్ అవుతుంది.

2. మీ డిగ్రీకి తగిన దారి చూసుకోండి

బీటెక్ వారికి టీసీఎస్ నిర్వహించే ఎన్‌క్యూటీ (నేషనల్ క్వాలిఫయర్ టెస్ట్) వంటి నియామక పరీక్షలున్నాయి. బీఎస్సీ, బీసీఏ చదివినవారికి టీసీఎస్ స్మార్ట్ హైరింగ్‌తో పాటు, ఉద్యోగం చేస్తూనే కంపెనీ ఖర్చుతో ఎంటెక్ చదివే అవకాశమిచ్చే విప్రో విల్ప్ (వర్క్ ఇంటిగ్రేటెడ్ లెర్నింగ్ ప్రోగ్రామ్) కూడా ఉంది. బీకాం, బీఏ వారు బీపీఎస్ (ఇతర సంస్థల కార్యాలయ పనులు చేసిపెట్టే బిజినెస్ ప్రాసెస్ సర్వీసెస్) నియామకాలను చూడవచ్చు. మార్కుల శాతం, బ్యాక్‌లాగ్‌లు, ఉత్తీర్ణులైన సంవత్సరం గురించిన నిబంధనలను దరఖాస్తుకు ముందే సరిచూసుకోవాలి.

3. చేసి చూపించే పని ఒకటి సిద్ధం చేసుకోండి

అసలు శ్రమ పెట్టవలసింది ఇక్కడే. అంతర్జాలంలో దొరికే ప్రాజెక్టును దించుకుని రెజ్యూమెలో పెడితే, రెండో ప్రశ్నకే ఇంటర్వ్యూ చేసేవారికి సంగతి తెలిసిపోతుంది. డేటా వైపు వెళ్లేవారు ఎంవీపీ కాలనీ రైతుబజారు బోర్డు మీద రాసే కూరగాయల ధరలను నెల రోజులపాటు ఎక్సెల్‌లో నమోదు చేయవచ్చు. ఒకరోజు ‘టమాట’ అని, మరోరోజు ‘టమాటా’ అని టైపు చేస్తే కంప్యూటర్ వాటిని రెండు కూరగాయలుగా లెక్కిస్తుంది. సెలవు రోజున గడి ఖాళీగా ఉంటుంది. వీటిని సరిదిద్ది, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లోకి ఎక్కించి, ఏ కూరగాయ ధర ఎక్కువగా ఊగిందో గ్రూప్ బై (ఒకే రకం వరుసలను కలిపి లెక్కించే ఆదేశం)తో రాబట్టగలిగితే, డేటా శుభ్రపరచడమంటే ఏమిటో సొంత మాటల్లో చెప్పగలరు.

టెస్టింగ్ ఎంచుకున్నవారు సాధన కోసమే పెట్టిన డెమో వెబ్‌సైట్లలో లోపాలు వెతకాలి. ‘ఫారం పనిచేయడం లేదు’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ‘పిన్‌కోడ్ గడిలో 53001 అని ఐదు అంకెలే వేసి సబ్మిట్ నొక్కితే ఫారం అంగీకరించింది, ఆరు అంకెలు లేనిదే అంగీకరించకూడదు’ అని, ఏ బ్రౌజర్‌లో జరిగిందో కూడా చేర్చి రాస్తే అది బగ్ రిపోర్ట్. అలాంటివి కొన్ని, చేసిన పనిని అందరూ చూసేలా ఉంచే గిట్‌హబ్ వెబ్‌సైట్‌లో పెట్టండి. టెస్టింగ్‌లో తొలి స్థాయి గుర్తింపైన ఐఎస్‌టీక్యూబీ ఫౌండేషన్ సర్టిఫికెట్ ఆ తరువాతి మాట.

4. రెజ్యూమె ఒక పేజీ దాటనివ్వకండి

తండ్రి పేరు, హాబీలు, డిక్లరేషన్ అక్కర్లేదు. ప్రాజెక్టు లింకు పైభాగంలోనే ఉండాలి.

5. అప్రెంటిస్‌షిప్‌ను చిన్నచూపు చూడకండి

కేంద్ర ప్రభుత్వ నాట్స్ (నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్) పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకుంటే స్టైపెండ్‌తో శిక్షణ దొరకవచ్చు. జీతంతో పోలిస్తే అది తక్కువే అయినా, ఖాళీగా గడిపిన సంవత్సరం కన్నా అది రెజ్యూమెకు బలం.

6. ఆఫర్ లెటర్‌ను తనిఖీ చేయండి

డిపాజిట్ అడిగే ‘బ్యాక్‌డోర్’ (దొడ్డిదారి) ఉద్యోగాలను, నకిలీ అనుభవ పత్రాలను దగ్గరకు రానివ్వవద్దు. పేరున్న కంపెనీలు నియామకానికి డబ్బు అడగవు, పైగా భవిష్యనిధి ఖాతా వివరాలతో పాత ఉద్యోగాలను సరిచూస్తాయి. లేఖ వచ్చిన ఈమెయిల్ చిరునామా కంపెనీ డొమైన్‌దేనా అన్నది గమనించండి. సర్వీస్ అగ్రిమెంట్ (ఇంతకాలం పనిచేస్తామన్న ఒప్పందం) ఉంటే, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో, శిక్షణ కాలం దానిలో కలుస్తుందో లేదో హెచ్‌ఆర్‌ను ఈమెయిల్‌లో అడిగి, జవాబు వచ్చాకే సంతకం పెట్టండి.